అత్తయ్య పింఛను తగ్గిస్తారా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది హిందూపురం. ఇరవై ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అత్తయ్యకి 71 ఏళ్లు, కర్ణాటక ప్రభుత్వం పెద్దవాళ్లకి ఇచ్చే సంధ్యా సురక్ష పింఛను కింద నెలకు 1,200 వస్తుంది. ఊళ్లో ఉన్న ఆవిడ చెల్లెలికి ఆంధ్రా పింఛను 4,000. కర్ణాటక ప్రభుత్వం ఎన్నికల్లో ఇచ్చిన గ్యారంటీలకే డబ్బు చాలడం లేదు, వచ్చే బడ్జెట్‌లో పింఛన్లు తగ్గిస్తారని వీధిలో అందరూ అంటుంటే అత్తయ్యకి ఒకటే టెన్షన్. రేషన్ కార్డు హిందూపురానికి మార్చేసి అక్కడి పింఛను తీసుకుందాం అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక కోడలు, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు కార్డు సంగతి. ఆంధ్రా పింఛను అక్కడ నివాసం ఉండేవాళ్లకి. ఇల్లు ఇక్కడ, కార్డు అక్కడ అయితే ఉన్నది కూడా పోతుంది, ఆ పని మాత్రం చేయకండి.

ఇక తగ్గిస్తారా అంటే, 1,200ని 1,000 చేస్తున్నామని అసెంబ్లీలో చదవడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. నా భయమంతా అంకెని అలాగే వదిలేస్తారేమోనని. కర్ణాటకలో 1,000 ఉన్నదాన్ని 1,200 చేసింది 2021లో. అప్పటి నుంచి ఏటా 5 శాతం పెంచినా నాలుగేళ్లకే 1,450 దాటేది. కేంద్రం వాటా ఇంకా ఘోరం, 2007లో ఇందిరా గాంధీ వృద్ధాప్య పింఛను అని పేరు పెట్టినప్పుడు 200, ఇప్పటికీ 80 లోపు వాళ్లకి అదే 200, 80 దాటితే 500. ఈ మధ్యలో బియ్యం, పప్పు, బీపీ మాత్రల ధరలు ఎంత పెరిగాయో మీకు నేను చెప్పాలా? రిటైరైన ప్రభుత్వ ఉద్యోగికి ధరలు పెరిగితే పింఛనుతో పాటు ఇచ్చే కరువు భత్యం (డీఆర్) పెరుగుతుంది, ఏడాదికి రెండుసార్లు లెక్క కడతారు. జీవితమంతా కూలికి పోయిన మీ అత్తయ్యలాంటి వాళ్లకి ఆ లెక్క ఎందుకు కట్టరు అని నాకు నిజంగా కోపం వస్తుంది.

ఆంధ్రాలో 2014లో 200 నుంచి 1,000 అయి, తర్వాత మెట్టు మెట్టుగా 2024లో 4,000కి చేరిందంటే అక్కడ ప్రతి ఎన్నికలోనూ పింఛనే మాట కాబట్టి. కానీ అదీ ఎన్నికల మీదే ఆధారపడితే ఎలా? రాజస్థాన్ 2023లో చట్టమే చేసింది, పింఛను ఏటా 15 శాతం పెరగాలి, జులైలో 5, జనవరిలో 10 అని. అమలు చేయించుకోవడం మళ్లీ వేరే పోరాటమే అనుకోండి, కనీసం చూపించి అడగడానికి ఒక కాగితం ఉంటుంది.

మీరు అడగాల్సిందీ అదే. బడ్జెట్ మార్చిలో అయితే ముఖ్యమంత్రి శాఖలతో కూర్చుని లెక్కలు చూసేది అంతకు ముందే, మార్చిలో వెళ్తే లాభం లేదు. వీధిలో పింఛను తీసుకునే పెద్దవాళ్లందరి సంతకాలతో, వేలిముద్రలతో ఒక అర్జీ రాయించండి, కన్నడలోనే రాయించండి, ధరలతో పాటు ఏటా పెంచాలని ఒక్కటే అడగండి. ఒక కాపీ ఎమ్మెల్యేకి, ఒకటి పింఛన్లు చూసే రెవెన్యూ శాఖకి ఇవ్వండి. గ్యారంటీల్లో భాగంగా ఇంటి యజమానురాలికి ఇచ్చే గృహలక్ష్మి 2,000 మీకు వస్తుంటే దానికీ దీనికీ పోటీ పెట్టే మాటలు మాత్రం నమ్మకండి, రెండూ మీ ఇంటికే కావాలి.

ఇంకొకటి, పాస్‌బుక్ నెలనెలా ఎంట్రీ వేయించండి. ఆధార్ లింకు తేడా వచ్చి డబ్బు ఆగిపోయినా పెద్దవాళ్లకి చాలాకాలం తెలియదు. ఒక్క నెల పడకపోయినా నాడకచేరికి, అంటే మీ దగ్గరి రెవెన్యూ ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకునే రండి.