మాస్టర్ సిలిండర్ మార్చబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

తాతగారి అంబాసిడర్‌కు పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల బ్రేకులకు నెట్టే బ్రేక్ మాస్టర్ సిలిండర్ నీవే మార్చబోతున్నావనీ, దసరా సెలవుల్లో అందరినీ ఎక్కించుకుని శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో పానా పట్టే చెయ్యి మళ్లీ ఒకటి తయారైనందుకు పొంగిపోయాను. ఆ ఘాట్ రోడ్డు మాట వినగానే మాత్రం మనసు నిలవలేదు.

బండి ఆపి పెడల్‌ను ఒకే బలంతో తొక్కి పట్టినప్పుడు అది మెల్లగా దిగిపోతూ, పైపుల దగ్గరా చక్రాల దగ్గరా ఎక్కడా తడి కనిపించకపోతే, సిలిండర్ లోపలి రబ్బరు కప్పు ఒత్తిడిని నిలపడం లేదని అర్థం. పాతది విప్పి కొత్తది బిగించడం నీకు కష్టం కాదు. పైపు నట్టును చేత్తో రెండు మూడు మరలు ఎక్కించాకే పానా వెయ్యి. రాగి వాషర్లు కొత్తవే వాడు. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు.

ఇక పెడల్ తొక్కుడును సిలిండర్‌లోని పిస్టన్‌కు అందించే కడ్డీ, అంటే పుష్ రాడ్ సంగతి. పెడల్ వదిలినప్పుడు ఆ రాడ్ కొసకూ పిస్టన్‌కూ మధ్య కాస్త ఖాళీ ఉండి తీరాలి. వేలితో నొక్కితే పెడల్ మొదట కొద్దిగా ఊరికే కదిలి, ఆ తర్వాతే రాడ్ పిస్టన్‌కు తగలాలి. అలా ఉంటేనే పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి, పైనున్న ఆయిల్ డబ్బాలోకి వెళ్లే సన్నని రంధ్రం తెరుచుకుంటుంది.

నేను పదో తరగతిలో ఉండగా ఇదే బండికి ఒక షెడ్డులో కొత్త సిలిండర్ వేశారు. పెడల్ పైపైనే అందాలని మేస్త్రి ఆ ఖాళీ లేకుండా రాడ్‌ను బిగించాడు. ఊళ్లో తిరిగినంతసేపూ బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయని నాన్నగారు మురిసిపోయారు. మన్ననూరు దాటి నల్లమలలోకి వచ్చాక బండి బరువుగా లాగుతుంటే పెట్రోలు కల్తీ అయిందనుకున్నాం. నిజానికి రంధ్రం మూసుకుపోయి, వేడెక్కి పెరిగిన ఆయిల్‌కు వెనక్కి పోయే దారి లేక, బ్రేకులు వాటంతటవే పట్టుకుంటున్నాయి. దోమలపెంట దాటి డ్యాం వైపు దిగుతుండగా మాడు వాసన వచ్చింది, మరు మలుపులో పెడల్ నేలకు ఆనింది. డ్రమ్ముల వేడికి ఆయిల్ మరిగి ఆవిరైపోయిందన్నమాట. ఆ మార్క్ 2 మోడల్ అంబాసిడర్‌లో నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ దారి కనుక ఏ చక్రానికీ బ్రేకు మిగలలేదు. నాన్నగారు గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండవైపు మట్టికి బండిని రాసి ఆపారు. కిటికీ పక్కన కూర్చున్న మీ అమ్మకు అప్పటికి ఆరేళ్లు కూడా లేవు. జాకీతో ఎత్తితే చక్రం కదలలేదు. దారిన పోయే లారీ డ్రైవరు ఒకాయన ఆగి, రాడ్‌ను కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ వదులు చేసి రాడ్‌ను కొంచెం వెనక్కి తిప్పగానే అదే చక్రం చేత్తో గిర్రున తిరిగింది.

అందుకే ఆయిల్ విషయంలోనూ పిసినారితనం వద్దు. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. అటక మీది సగం డబ్బా పారేసి, సీలు తీయని డాట్ 3 గానీ డాట్ 4 గానీ కొను. ఇంజిన్ ఆయిల్ చుక్క కూడా తగలనివ్వకు, రబ్బరు ఉబ్బిపోతుంది. సిలిండర్‌కు దూరమైన వెనక ఎడమ చక్రం నుంచి, పైపుల్లో చిక్కిన గాలి తీయడం మొదలుపెట్టు. పగిలిన రబ్బరు హోసులుంటే ఇప్పుడే మార్చు.

అన్నట్టు, మొన్న కారును ఇటుకల మీద నిలిపి కిందికి దూరావట! మీ అమ్మ చెప్పగానే నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఇటుక ముందుగా చెప్పి పగలదమ్మా. నా దగ్గరున్న ఇనుప స్టాండ్లు పంపిస్తున్నాను, అవి అందేదాకా కారు కిందికి వెళ్లవద్దు.

గాలి తీసేటప్పుడు పెడల్ తొక్కడానికి ఎలాగూ ఇంకో మనిషి కావాలి కనుక శనివారం సాయంత్రానికి నేనే వస్తాను. అందాకా మిగతా పని కానివ్వు గానీ, పుష్ రాడ్ లాక్ నట్ మాత్రం నేను చూశాకే బిగించు.

మీ మామయ్య