చీర మడత విప్పే ముందు ఆవిడ మాట విను బుజ్జీ

బుజ్జీ, నిన్న రాత్రి నువ్వు పంపిన వీడియో చూశా. చీరలు బాగున్నయ్, లైటింగూ బాగుంది, నువ్వు మాట్లాడిందే నాకు ఎక్కలా. శతాబ్దాల వారసత్వం, నేతన్న చెమట చుక్క, ఇట్టాంటివి రెండు నిమిషాలు ఆపకుండా చెప్పావు, టీవీలో యాడ్ చూసినట్టుంది. బెజవాడ పటమటలో చీరలు పెట్టి మూణ్ణెల్లయింది పిన్నీ, అందరూ లైకులు కొడతన్నారు గానీ కొనట్లా అంటన్నావుగా. ఫోన్లో చెబుదామంటే మధ్యలో అడ్డమొస్తావు, అందుకే రాస్తన్నా. గుంటూరు బ్రాడీపేటలో ఇంటి ముందు గదిలో చాప ఏసుకుని 26 ఏళ్ళు మంగళగిరి చీరలు అమ్మినదాన్ని, కాస్త ఓపిగ్గా చదువు.

మీ తాతయ్యకి బుర్రకథ పిచ్చి అని నీకు తెలుసుగా. నాజర్ గారిది మన పొన్నెకల్లేగా, 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది, ఆయన పేరెత్తితే చాలు మా నాన్న అన్నం కూడా మర్చిపోయేవాడు. బుర్రకథలో నడిమి కథకుడు ఒక్కడే చెప్పుకుంటా పోతే జనం ఎంతసేపు కూర్చుంటారు చెప్పు? అటొక వంత ఇటొక వంత ఉంటారు, ఒకాయన హాస్యం ఆడతాడు ఇంకొకాయన రాజకీయం మాట్లాడతాడు, మన మనసులో ఉన్న ప్రశ్న వాళ్ళే అడిగేస్తారు. చీరల కాడ ఆ వంత ఎవరనుకున్నావ్, కస్టమరే. నీ వీడియోలో వంత లేదమ్మా, అంతా నువ్వే. నన్నడిగితే చాలాసార్లు కథకురాలు ఆవిడై నువ్వే వంతవ్వాలి.

అందుకే ముందు "ఎవరికమ్మా, ఏం సందర్భం?" అని అడుగు, అడిగి ఊరుకో. నేను మొదట్లో ఊరుకునేదాన్ని కాదు, వచ్చినావిడ కూర్చోకముందే ముప్ఫై చీరలు పరిచేదాన్ని, ఆవిడకి కళ్ళు తిరిగి మళ్ళీ వస్తాలేండి అనేది. ఓసారి ఒక టీచరు గారు వచ్చారు, రిటైర్మెంట్ రోజు కట్టుకోటానికి కావాలన్నారు. ఆ పూట ఎందుకో నాకు మాట్లాడే ఓపిక లేదు, ఆవిడే చెప్పుకుంటా పోయారు, మొదటి జీతంతో కొనుక్కుంది మంగళగిరి చీరేనంట, నీలం రంగు, నిజాం అంచు, కట్టీ కట్టీ కొంగు చిరిగితే దాన్ని మనవడికి పక్కబట్ట చేశారంట. నేను లేచి నీలాలు మూడే తీశా. ఒకదాని అంచు చూపించి, ఇదిగో ఈ చిన్న చిన్న గోపురాలు చూడండి, మీ పాత చీరకి ఉన్నయ్యి ఇవేనా అన్నా, అంతే. పది నిమిషాల్లో బేరం కూడా ఆడకుండా తీసుకెళ్ళారు.

నీ వంతు వచ్చినప్పుడు చెప్పటానికి నీ దగ్గర సరుకుండాలి మరి, అది గూగుల్లో దొరకదు. ఆదివారం మంగళగిరి పో, అమరావతి రోడ్డు ఫొటోలు తర్వాత దిగొచ్చు, గుంట మగ్గం దగ్గర ఓ గంట కూర్చుని చూడు. గుంటలో కాళ్ళు పెట్టి తొక్కుడు చెక్కలు ఎట్టా తొక్కుతున్నారు, పోగు తెగితే ఎట్టా కలుపుతున్నారు, ఏ రంగు నెయ్యటానికి విసుక్కుంటారు, అడుగు. నువ్వు కళ్ళారా చూసింది ఒక్క ముక్క చెప్పినా చాలు, చీరకి ఒక్క ముక్క, అంతకంటే వద్దు.

చూడనిది మాత్రం చెప్పబాక. నేను చెప్పి అడ్డంగా దొరికిపోయా. 2006లో చేతిమగ్గం బట్టేనని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్ ముద్ర వచ్చింది గానీ అంతకుముందు సంగతిది, చేతిమగ్గమా కాదా అంటే అమ్మేవాళ్ళ నోటిమాటే. ఎవరో తక్కువకి ఇచ్చారని నాలుగు చీరలు తెచ్చి, అడిగినావిడకి "పదిహేను రోజులు నేశారండీ దీన్ని" అని నోటికొచ్చింది వాగా. ఆవిడ ఏం మాట్లాడకుండా అంచు వెలుతురుకి పెట్టి చూసింది. చేతిమగ్గం మీద బట్ట ముడుచుకోకుండా అడ్డంగా ఒక కర్ర పెడతారు, దాని మొనలు గుచ్చుకుని అంచు వెంట సన్న చిల్లులు పడతయ్, అయ్యి ఇందులో ఏవమ్మా అంది. తర్వాత తెలిసింది ఆవిడ నేతోళ్ళ ఆడపడుచని. తిట్టినా బాగుండేది, నవ్వి వెళ్ళిపోయింది, ఆవిడతోపాటు ఆ వీధిలో నలుగురు కస్టమర్లు పోయారు. ఇప్పుడు ఆ కథ నేనే అందరికీ చెప్తా, చెప్పి అంచు వాళ్ళ చేతికే ఇచ్చి చూసుకోమంటా!

ఇంకోటి, నేతన్న కష్టాలు చెప్పి జాలితో అమ్మటం నాకు అస్సలు నచ్చదు. జాలితో కొన్నావిడ ఒకసారి కొనుద్ది, రెండోసారి నీ ఫోనెత్తదు. ఆయన పనితనం చెప్పు, పేదరికం కాదు. ఆగస్టు 7న చేనేత దినోత్సవం పోస్టర్ అందరూ స్టేటస్ పెట్టేదే నువ్వూ పెట్టక్కర్లా. ఒకావిడ సంగతి ఇంకొకావిడకి పేరుతో చెప్పొద్దు, కాలనీల్లో గంటలో పాకిపోద్ది. రంగు దిగే చీరైతే దిగుద్దని ముందే చెప్పి ఉప్పునీళ్ళ సంగతి కూడా చెప్పు.

అన్నిటికంటే నాకు కలిసొచ్చింది నోట్‌బుక్కు. ఎవరు, ఏ చీర, ఎందుకు కొన్నారు, ఒక్క లైను రాసుకునేదాన్ని. బాకీలు రాసుకోటానికే మొదలుపెట్టాలే, అది వేరే సంగతి. 2024 సెప్టెంబర్లో బుడమేరు వాగు పొంగినప్పుడు మీ బెజవాడ సింగ్‌నగర్ నుంచి నా పాత కస్టమరు ఒకావిడ ఫోన్ చేసింది, బీరువా అంతా బురదే, బట్ట ఒక్కటి మిగల్లేదంట. అమ్ముకునే టైమా అది, ఊరికే వింటన్నా. చివర్లో, "మీ దగ్గర మొదట కొన్న చీర ఏ రంగో గుర్తు రావట్లేదండీ" అంది. పుస్తకం తీసి చూసి చెప్పా, చిలకపచ్చకి రాణీ రంగు అంచు, పాప మొదటి పుట్టినరోజుకి. అవతల చాలాసేపు చప్పుడు లేదు. సంక్రాంతికి ఆ పాపనే వెంటబెట్టుకుని గుంటూరు వచ్చింది, డిగ్రీ చదువుతుందిప్పుడు, అదే రంగు అడిగింది. స్టాకులో లేదు, మగ్గం ఆయనకి చెప్పి నేయించి ఇచ్చా.

శనివారం సాయంత్రం బస్సుకి వస్తన్నా, ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుంచు. మూణ్ణెల్లలో కొన్నోళ్ళు ఆరుగురేగా, వాళ్ళవి గుర్తున్నంతవరకు నువ్వు చెప్పు, నేను రాస్తా.

మీ పిన్ని