కరోనా వచ్చి వెళ్లింది, అమ్మ ముగ్గు మరిచిపోయింది

ఈ నెల ఉత్తరాల కట్టలో సగానికి పైగా మతిమరుపు గురించే. వాటిలోంచి మూడు తీసుకున్నాను. ఊళ్ల పేర్లు ఉంచి మనుషుల పేర్లు తీసేశాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 72 ఏళ్లు. 2021 మే నెలలో కరోనా వచ్చి ఆస్పత్రిలో 9 రోజులు ఆక్సిజన్ మీద ఉంది. రాత్రిళ్లు "గోడ మీద ఎవరో పాకుతున్నారు" అని కేకలు పెట్టేదని నర్సులు చెప్పారు. ఇంటికొచ్చాక బాగానే కోలుకుంది. ఇప్పుడు రెండేళ్ల నుంచి అడిగిందే అడుగుతోంది. మొన్న ధనుర్మాసంలో 21 చుక్కల ముగ్గుకి చుక్కలన్నీ పెట్టి, కలపడం తెలియక ముగ్గుగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అన్నయ్య "వయసు చాదస్తం" అంటాడు. నేనేమో కరోనా వస్తే అల్జీమర్స్ రెట్టింపు అవుతుందని వాట్సాప్‌లో చదివాను. అమ్మకి 14 ఏళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఇది కరోనా వల్లేనా? (ఓ పాఠకురాలు, భీమవరం)

జవాబు: అమ్మా, ముందు మీ అన్నయ్యగారి మాట చూద్దాం. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం, పక్కింటావిడ పేరు టక్కున నోటికి రాకపోవడం వయసుతో వచ్చేవే. చిన్నప్పటి నుంచి వేస్తున్న ముగ్గు చేతికి అందకపోవడం ఆ జాతి కాదు. 21తో మొదలుపెట్టి, సందుచుక్కతో 11 దాకా దిగి, ఏ గీత ఏ చుక్కను చుట్టి ఎటు తిరగాలో ముందే మనసులో కనబడాలి. ఎంత వరకు వేశామో గుర్తుండాలి. మేం క్లినిక్‌లో కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమంటాం. మీ వాకిట్లో జరిగింది ఆ పరీక్షకేం తీసిపోదు. నేను పెద్దవాళ్లని తెలుగు నెలలు వెనక నుంచి చెప్పమని కూడా అడుగుతాను: ఫాల్గుణం, మాఘం, పుష్యం... అలా. ఇంట్లో మీరూ అడిగి చూడండి. కాకపోతే పరీక్ష పెడుతున్నట్టు కాదు, కూరగాయలు తరుగుతూ మాటల్లో.

ఇక ఆ "రెట్టింపు". అది పుకారేమీ కాదు. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ వాళ్లు 65 ఏళ్లు పైబడిన 62 లక్షల మంది వైద్య రికార్డులు తిరగేసి 2022లో చెప్పిన సంగతి. ఏడాది లోపు కొత్తగా అల్జీమర్స్ బయటపడినవాళ్లు కరోనా రానివారిలో 0.35 శాతం, వచ్చినవారిలో 0.68 శాతం. రెట్టింపే, కాదనను. కానీ దాన్ని మనుషుల్లోకి మార్చి చూడండి: వెయ్యి మందిలో ముగ్గురో నలుగురో ఉండాల్సిన చోట ఏడుగురు. మిగతా 993 మంది సంగతి వాట్సాప్‌లో ఎవరూ పంపరు.

మరి కరోనాకే ప్రత్యేకమా, ఏ ఊపిరితిత్తుల జబ్బు చేసినా ఇంతేనా? ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 12 లక్షల 80 వేల పైచిలుకు కరోనా రోగుల్ని, దగ్గూ న్యుమోనియాల్లాంటి వేరే ఇన్ఫెక్షన్లు వచ్చిన అంతే మందితో పోల్చారు. 65 దాటినవాళ్లలో రెండేళ్లలో డిమెన్షియా (రోజువారీ పనులకి అడ్డమయ్యేంత మతిమరుపు, అల్జీమర్స్ అందులో ఒక రకం) తేలినవారు కరోనా వైపు పది వేలకి 450, అటువైపు 330. తేడా ఉంది. అదే డెన్మార్క్‌లో చూస్తే, కరోనా వచ్చినవాళ్లలో అల్జీమర్స్ ఎక్కువగానే బయటపడింది గానీ, ఫ్లూ వచ్చినవాళ్లతోనూ న్యుమోనియా వచ్చినవాళ్లతోనూ పోలిస్తే పెద్ద తేడా కనబడలేదు. రెండూ మంచి పరిశోధనలే. నాకు ఇందులో అర్థమైంది ఒకటి: పెద్ద వయసులో ఒంటిని కుదిపేసిన ఏ ఇన్ఫెక్షనైనా మెదడుకి మంచిది కాదు, కరోనా ఆ కుదుపు కోట్ల మందికి ఒకేసారి ఇచ్చింది. పైగా జబ్బు చేసి ఆస్పత్రికి వెళ్లినవాడికి పరీక్షలు ఎక్కువ చేస్తారు, అప్పటికే లోపల మొదలైన మతిమరుపు అప్పుడు బయటపడుతుంది. మొదలెట్టింది ఎవరు, బయటపెట్టింది ఎవరు అన్నది రికార్డులు చూసి విడదీయడం కష్టం.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆక్సిజన్ కాదు, గోడ మీద పాకిన మనిషి. దాన్ని మేం డెలిరియం అంటాం, మన వాళ్లు సంధి అంటారు. పెద్దవాళ్లకి సంధి కమ్మితే తర్వాతి ఏళ్లలో డిమెన్షియా వచ్చే అవకాశం పెరుగుతుందని కరోనా కంటే ముందే తెలుసు. ఇక ఆ 2021 వార్డుల సంగతి చెప్పాలా? పక్కన ఇంటి మనిషి లేరు. వచ్చే ప్రతి మనిషీ తల నుంచి కాళ్ల దాకా తెల్లటి ముసుగులో ఉండేవాళ్లు. కళ్లజోడు సంచిలో ఉండిపోయేది, రాత్రీ పగలూ లైట్లు వెలుగుతూనే ఉండేవి. సంధి రావడానికి ఇంతకంటే అనువైన చోటు కావాలని కట్టినా దొరకదు. అప్పుడు అక్కడ పనిచేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. రోగుల కళ్లజోళ్లు వెతికి పెట్టాలన్న ఆలోచన నాకు చాలా రోజుల దాకా తట్టలేదు.

2025 జనవరిలో బ్రిటన్ నుంచి ఇంకో కబురు వచ్చింది. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ఆనవాళ్లు రక్తంలో కూడా దొరుకుతాయి. కరోనా రాకముందు, వచ్చాక తీసిన రక్తాన్ని పోల్చితే ఆ ఆనవాళ్లలో మార్పు కనిపించింది, సుమారు నాలుగేళ్ల వయసు మీద పడితే వచ్చేంత మార్పు. ఆస్పత్రిలో చేరినవాళ్లలో, బీపీ ఉన్నవాళ్లలో అది ఇంకాస్త ఎక్కువ. వీళ్లందరికీ జబ్బు వచ్చిందని కాదు, రక్తంలో సూచన మారిందని. అప్పటికే డిమెన్షియా ఉన్నవాళ్లయితే కరోనా తర్వాత తొందరగా దిగజారడం కోల్‌కతాలో డాక్టర్లు గమనించి రాశారు, కాకపోతే అది 14 మంది రోగుల కథే.

ఇన్ని చెప్పాక నా తప్పు కూడా చెప్పాలి. 2021 అక్టోబరులో తెనాలి వైపు నుంచి ఓ రిటైర్డ్ లెక్కల మాస్టార్ని తీసుకొచ్చారు. రెండో వేవ్‌లో కరోనా వచ్చింది. అప్పటి నుంచి మందకొడిగా ఉంటున్నారు, పట్టుమని ఎక్కాలు చెప్పలేకపోతున్నారు. నేను "బ్రెయిన్ ఫాగ్, అంటే మెదడుకి పొగమంచు కమ్మినట్టు ఉండటం, అందరికీ వస్తోంది, మూడు నెలలు చూద్దాం" అన్నాను. మూడో వారానికి కొడుకు ఫోన్ చేశాడు, నాన్న నడుస్తుంటే ఒక పక్కకి ఒరిగిపోతున్నాడని. సీటీ తీస్తే పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం గడ్డకట్టి ఉంది. ఆగస్టులో బాత్‌రూమ్‌లో జారిపడ్డారట, ఎవరికీ చెప్పలేదు. రక్తం పలచబడే మాత్రలు కూడా వాడుతున్నారు, అదీ నేను అడగలేదు. పుర్రెకి చిన్న రంధ్రం చేసి తీసేశారు. పది రోజుల్లో 17వ ఎక్కం అప్పజెప్పారు. ఇప్పటికీ కనబడితే "పొగమంచు విడిందా డాక్టరు గారూ?" అంటారు.

కాబట్టి అమ్మా, "కరోనా వల్లే" అనుకుని కూర్చోకండి. మీ అమ్మగారికి 14 ఏళ్ల మెట్‌ఫార్మిన్. అది బి12ని తగ్గించగలదు, శాకాహారులైతే మరీను. బి12, థైరాయిడ్, సోడియం చూపించండి, తలకి ఒక స్కాన్ తీయించండి. షుగర్‌కి ఇంకేవైనా మాత్రలు వేస్తుంటే మధ్యమధ్యలో షుగర్ బాగా పడిపోతోందేమో చూడండి. నిద్రమాత్రలు, జలుబుకి వేసే అలర్జీ మాత్రలు ఉంటే చీటీతో సహా డాక్టర్‌కి చూపించండి. చెవులు సరిగ్గా వినపడుతున్నాయా? వినపడనివాళ్లు అడిగిందే అడుగుతారు. ఇవన్నీ సరిగ్గానే ఉండి డిమెన్షియా అని తేలినా చేయాల్సింది బోలెడు ఉంటుంది, అది ఇంకో నెల రాస్తాను. ఈలోగా ముగ్గు ఆపించకండి. 21 బదులు 7 చుక్కలు పెట్టించండి, పక్కన మీరూ కూర్చోండి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2020 సెప్టెంబరులో కరోనా వచ్చి నాలుగు నెలలు వాసన తెలియలేదు. ఇప్పుడు మీటింగుల్లో మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఫిబ్రవరి 11న గ్యాస్ కట్టేయడం మరిచిపోయాను, మార్చి 3న కారు తాళం లోపలే వదిలేశాను. పడుకునేసరికి ఒంటిగంటన్నర అవుతుంది. మా బామ్మకి అల్జీమర్స్ ఉండేది. చాలా టెన్షన్‌గా ఉంది. (కొండాపూర్, హైదరాబాద్)

జవాబు: మరిచిపోయినవన్నీ తారీఖులతో సహా రాసి పంపారు. డిమెన్షియా రోగులు సాధారణంగా ఈ పని చేయరు, వాళ్ల మరుపు ముందు ఇంట్లోవాళ్లకి కనబడుతుంది. ఆ రెండు తేదీల ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో అది కూడా రాసి ఉంటే బాగుండేది.

మీరు భయపడుతున్న వాసన సంగతి ఆధారం లేనిది కాదు. బ్రిటన్‌లో 785 మందికి కరోనాకి ముందూ తర్వాతా మెదడు స్కాన్లు తీశారు, అందులో 401 మందికి మధ్యలో కరోనా వచ్చింది. వాళ్లలో వాసనతో సంబంధమున్న భాగాలు 0.2 నుంచి 2 శాతం దాకా అదనంగా తరిగాయి. అయితే వాళ్లంతా 51 నుంచి 81 ఏళ్లవాళ్లు. ఇంకో పరిశోధనలో లక్షా 12 వేల మందికి పైగా ఆన్‌లైన్‌లో పరీక్షలు రాశారు. కరోనా నుంచి కోలుకున్నవాళ్లు రానివాళ్లకంటే ఐక్యూ లెక్కలో సుమారు 3 పాయింట్లు వెనకబడ్డారు, ఐసీయూ దాకా వెళ్లినవాళ్లు 9. లక్షణాలు నెలల తరబడి ఉండి తర్వాత పూర్తిగా తగ్గినవాళ్లు మాత్రం త్వరగా కోలుకున్నవాళ్లతో సమానంగానే చేశారు. మీ వాసన పూర్తిగా తిరిగొచ్చి ఉంటే మీరూ ఆ కోవలోవారే.

మీకు నా చీటీ చిన్నది. పదకొండింటికల్లా పడక ఎక్కండి, మూడు వారాలు. గురక పెడతారేమో ఇంట్లో అడగండి. బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. వాసన ఇంకా పూర్తిగా రాకపోతే లవంగం, నిమ్మతొక్క, గులాబీ, నీలగిరి తైలం రోజుకి రెండుసార్లు, ఒక్కోటి కాసేపు మనసుపెట్టి వాసన చూడండి. అది వాసనకే, జ్ఞాపకశక్తికి కాదు. బామ్మగారి విషయం మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్న ఒక సంగతి చెబుతాను, మన నిమ్స్‌లోనే తేలింది: 648 మంది డిమెన్షియా రోగుల్ని చూస్తే రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది, చదువు లేనివాళ్లలో కూడా. తెలుగూ దక్ఖినీ కలిపి మాట్లాడే హైదరాబాద్ అలవాటు అందులో ఉంది. మీ పిల్లలతో తెలుగు మానేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడుతుంటే మాత్రం ఇది చదివి మానేయండి.

ప్రశ్న: నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను, 68 ఏళ్లు. సర్పి రాకుండా వేసే టీకా వేయించుకుంటే మతిమరుపు కూడా రాదంట, నిజమేనా? (ఖమ్మం)

జవాబు: "రాదు" అని కాదు, "తగ్గొచ్చు" అని. బ్రిటన్‌లోని వేల్స్‌లో 1933 సెప్టెంబరు 2, ఆ తర్వాత పుట్టినవాళ్లకి టీకా ఇస్తాం, అంతకు ముందు పుట్టినవాళ్లకి ఇవ్వం అని గీత గీశారు. ఒక్క వారం తేడాతో పుట్టినవాళ్లలో కొందరికి దొరికింది, కొందరికి లేదు. పరిశోధకులకి అది వరమైంది. ఏడేళ్ల తర్వాత చూస్తే టీకా వేసుకున్నవాళ్లలో డిమెన్షియా ఐదో వంతు తక్కువ. వైరస్‌లకీ మతిమరుపుకీ ఏదో లంకె ఉందన్న అనుమానం కరోనా కంటే పాతదే, ఇది దానికి బలం ఇచ్చింది. అక్కడ వేసింది పాత రకం టీకా. మన దగ్గర ఇప్పుడు రెండు డోసులుగా ఇచ్చేది వేరే రకం, ఖరీదు కూడా బాగానే ఉంటుంది. సర్పి వచ్చి తగ్గాక కూడా నెలల తరబడి ఉండే ఆ మంట చూసినవాణ్ణి కాబట్టి, డబ్బు వెసులుబాటు ఉంటే సర్పి కోసమే వేయించుకోమంటాను. మతిమరుపు మీద ఆశతో అప్పు మాత్రం చేయకండి.