ఫ్లూతో వెంటిలేటర్ మీద ఉన్నవారికి ఊపిరితిత్తుల్లో ఫంగస్: బ్రాంకోస్కోపీ అవసరమా?

ప్రశ్న: నాన్నగారికి షుగర్ తప్ప వేరే జబ్బు లేదు. స్వైన్ ఫ్లూతో వెంటిలేటర్ మీద ఉన్నారు. ఫంగస్ అనుమానంతో వోరికోనజోల్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టి, బ్రాంకోస్కోపీకి (గొట్టం కెమెరాతో ఊపిరితిత్తుల లోపల చూసే పరీక్ష) సంతకం అడుగుతున్నారు. ఈ పరిస్థితిలో చేయించాలా?

జవాబు: చేయించండి, ఆలస్యం చేయకుండా. ఐసీయూ డాక్టరుగా చెబుతున్నాను.

కీమో, అవయవ మార్పిడి ఆపరేషన్లు లాంటివి లేనివాళ్లకు ఫంగస్ ఎలా వస్తుందని చాలామంది నమ్మరు. ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ బీజాలను మనమంతా రోజూ పీలుస్తూనే ఉంటాం. ఫ్లూ వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తే అవి లోపలికి పాతుకుంటాయి. స్టెరాయిడ్లు పడితే ఇంకా సులువు. 2018లో బెల్జియం, నెదర్లాండ్స్ ఐసీయూల నుంచి వచ్చిన అధ్యయనంలో 432 మంది ఫ్లూ రోగుల్లో 19 శాతానికి ఇది వచ్చింది. రోగనిరోధక శక్తికి లోటు లేనివాళ్లలోనూ 14 శాతం. 90 రోజుల్లో మరణాలు ఫంగస్ వచ్చినవాళ్లలో 51 శాతం, రానివాళ్లలో 28.

రక్తంలో గెలాక్టోమానన్ (ఈ ఫంగస్ గోడ నుంచి వచ్చే పదార్థం) పరీక్ష చాలదా అంటే, చాలదు. అదే అధ్యయనంలో జబ్బున్న ప్రతి ముగ్గురిలో ఒకరికి రక్తపరీక్ష నెగెటివే. ఊపిరితిత్తిలోకి సెలైన్ పంపి వెనక్కి లాగిన ద్రవంలో గెలాక్టోమానన్ 1.0 లేదా అంతకు మించి వస్తే లెక్కలోకి తీసుకుంటాం. పైగా శ్వాసనాళం గోడల మీద తెల్లటి పొరలు, పుండ్లు కట్టే రకం ఒకటుంది. అన్నిటికన్నా ప్రమాదం అదే. అది కెమెరాతో చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది. చేసేటప్పుడు ఆక్సిజన్ పడిపోవచ్చు, అందుకే ముందే 100 శాతానికి పెంచి త్వరగా ముగిస్తారు. ఆ ద్రవాన్ని కేఓహెచ్ పరీక్షకూ (మైక్రోస్కోపులో ఫంగస్ కోసం చూసేది), కల్చర్‌కూ పంపమనండి. షుగర్ ఉన్నవారికి మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) కూడా రావచ్చు, దానిమీద వోరికోనజోల్ పనిచేయదు; ఆంఫోటెరిసిన్ అనే మందు కావాలి. కఫంలో కాండిడా అనే ఫంగస్ ఒక్కటే కనిపిస్తే మాత్రం అది సాధారణంగా జబ్బు కాదు.

మందు విషయంలో ఎక్కువగా తప్పేది మోతాదు. మొదటి రెండు డోసులు 12 గంటల తేడాతో కిలోకు 6 మి.గ్రా., తర్వాత అదే తేడాతో 4. అంటే 70 కిలోల మనిషికి 420, ఆపై 280, నరానికే. 3 నుంచి 5 రోజుల మధ్య, తర్వాతి డోసుకు ముందు రక్తంలో మందు స్థాయి చూడాలి. లీటరుకు 1 మి.గ్రా. లోపుంటే మందు ఇచ్చినా పడనట్టే. 5.5 దాటితే భ్రమలు, లివర్ దెబ్బ. మనవాళ్లలో ఈ మందును నెమ్మదిగా కరిగించే శరీరాలు యూరోపియన్లలో కన్నా ఎక్కువ, కాబట్టి అందరికీ ఒకే మోతాదు కుదరదు. ఇక్కడ మరో చిక్కు: టీబీ కూడా ఉండొచ్చని రిఫాంపిసిన్ కలిపితే వోరికోనజోల్ స్థాయి దాదాపు అడుగంటుతుంది. ఫిట్స్ మందు ఫెనిటోయిన్‌తోనూ బాగా పడిపోతుంది. మత్తుకిచ్చే మిడజోలమ్, ఫెంటానిల్ మాత్రం పేరుకుపోయి మనిషి త్వరగా మేలుకోడు, వాటిని తగ్గించాలి.

ఈసీజీలో క్యూటీ (గుండె ప్రతిసారీ కొట్టుకుని తిరిగి సిద్ధమయ్యే వ్యవధి) ఎక్కువగా ఉంటే ఐసవుకోనజోల్ అనే మరో ఫంగస్ మందు మేలు: 200 మి.గ్రా. 8 గంటలకోసారి రెండు రోజులు, తర్వాత రోజుకొకసారి. మామూలుగా వాడే ఫంగస్ మందు ఫ్లూకోనజోల్ ఆస్పర్‌జిల్లస్‌ను తాకదు. ఫ్లూ మందు ఒసెల్టమివిర్ ఆపకూడదు, వేరే గట్టి కారణం లేకుండా స్టెరాయిడ్ ఇస్తుంటే ఎందుకని అడగండి.

చికిత్స కనీసం 6 నుంచి 12 వారాలు. డిశ్చార్జి తర్వాత వోరికోనజోల్ మాత్రలను భోజనానికి గంట ముందో, గంట తర్వాతో వేసుకోవాలి. వాడినన్నాళ్లూ ఎండలో తిరగకూడదు, చర్మం కమిలిపోతుంది.