కింది బాత్రూం జాలీలోంచి మురుగు పైకి వస్తోందా? గచ్చు పగలగొట్టే ముందు ఛాంబర్ మూత తీసి చూడండి

మీరు అడిగింది ఇదీ: 1978లో కట్టిన ఇల్లు, కింద మీరు, పైన అద్దెకున్నవాళ్లు. గట్టి వాన పడితే కింది బాత్రూం జాలీలోంచి మురుగు పైకి వస్తోంది. ఈ మధ్య వాన లేని రోజుల్లో కూడా వస్తోంది. ప్లంబర్ బాత్రూం గచ్చు తవ్వాలంటున్నాడు. తవ్వించాలా?

ఇప్పుడే తవ్వించకండి. మాది హైదరాబాద్ నల్లకుంటలో నాన్నగారు 1974లో కట్టించిన ఇల్లు. 2019 ఎండాకాలంలో మాకూ ఇదే జరిగితే ముందు బాత్రూమే తవ్వించాం. కొత్త టైల్స్ వేసి రెండు వారాలు తిరక్కముందే అదే జాలీలోంచి అవే నీళ్లు పొంగాయి. తప్పు బాత్రూంలో లేదు. ఇంట్లో అన్నిటికంటే కిందున్న రంధ్రం ఆ జాలీ కాబట్టి, ఇంటి మురుగంతా బయటికి తీసుకెళ్లే మెయిన్ లైన్ ఎక్కడ మూసుకున్నా మురుగు ముందు అక్కడే తేలుతుంది.

నిజానికి అంతకు నాలుగైదు నెలల ముందు నుంచే గుర్తులు కనిపించాయి. పైన ఫ్లష్ కొడితే కింద జాలీలో గుడగుడమని చప్పుడు వచ్చేది. వాషింగ్ మెషిన్ నీళ్లు వదిలినప్పుడు కమోడ్‌లో నీళ్లు రెండంగుళాలు పైకి లేచి మళ్లీ మెల్లగా దిగేవి. రాత్రుళ్లు బొద్దింకలు ఎక్కువయ్యాయి. అమ్మ రెండుసార్లు చెప్పింది, మేం పట్టించుకోలేదు. సింకు ఒక్కటే నెమ్మదిగా పోతుంటే ఆ సింకు పైపులోనే ఏదో ఇరుక్కుందని అర్థం. రెండు మూడు చోట్ల ఒకేసారి నీళ్లు ఆగుతున్నా, ఒకచోట వదిలిన నీళ్లు ఇంకోచోట కదిలినా అది మెయిన్ లైనే.

ఇక పరీక్ష. ఇంటి పక్క సందులోంచి గేటు దాకా మీకు మూడో నాలుగో ఛాంబర్లు, అంటే మురుగు పైపులు కలిసే మూతల గుంతలు, ఉంటాయి. కొన్నింటి మీద తర్వాత ఎవరో బండలు పరిచేసి ఉండొచ్చు, వెతకండి. గడ్డపారతో మూతలు లేపి, కాసేపు గాలి పోనిచ్చి, దూరంగా నిలబడి వరసగా చూడండి. నిండిన ఛాంబర్ తర్వాతది ఖాళీగా ఉంటే అడ్డం ఆ రెండింటి మధ్యే ఉన్నట్టు. అన్నీ నిండి, గేటు దగ్గరి చివరి ఛాంబర్ కూడా నిండి ఉంటే, రోడ్డు మీది మ్యాన్‌హోల్ సంగతి తేలాలి. దాని మూత మీరు తీయొద్దు. డ్రైనేజీ చూసే సెక్షన్ ఆఫీసు లైన్‌మన్‌ని పిలిచి తీయించండి. హైదరాబాద్‌లో అయితే జలమండలి 155313కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. మ్యాన్‌హోల్ కూడా నిండి ఉంటే ఆ పని వాళ్లది. మ్యాన్‌హోల్‌లో నీళ్లు కిందుగా పారుతూ మీ ఛాంబర్ మాత్రం నిండి ఉంటే, అడ్డం మీ కనెక్షన్ పైపులో ఉంది.

మాకు అడ్డం మూడో ఛాంబర్‌కీ గేటుకీ మధ్య తేలింది. ఆ కాలంలో అందరూ వేయించినట్టే మావీ రెండేసి అడుగుల స్టోన్‌వేర్ పైపులు, ప్రతి జాయింట్‌కీ సిమెంటు. నలభై ఏళ్లలో సిమెంటు చిట్లింది. ప్రహరీ బయటి కానుగ చెట్టు వేళ్లు ఆ చెమ్మ వెతుక్కుంటూ జాయింట్లలో దూరాయి. కొక్కెం కట్టిన తీగతో లాగితే మూరెడు పొడవు వేళ్ల కుచ్చు జడలా అల్లుకుపోయి బయటికొచ్చింది. దాని సందుల్లో అన్నం మెతుకులు, కొబ్బరి పీచు, తెల్లగా గట్టిపడిన నూనె ముద్దలు. పైపులో దూరేటప్పుడు ఆ వేళ్లు దారమంత సన్నగా ఉంటాయి. మనం వదిలిన నూనె, పీచు వాటికి పట్టుకునే కొద్దీ దారి మూసుకుపోతుంది. పైపులోకి వెదురు బద్ద కొట్టిస్తే మధ్యలో చిల్లు పడి నీళ్లు పోతాయి, బాగైందనుకుంటాం. రెండు నెలల్లో మళ్లీ మొదలు. మీకు వాన లేకుండా కూడా వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. వీలైతే లైన్‌లోకి కెమెరా పంపి చూపించేవాళ్లను పిలవండి. ఎన్ని అడుగుల దగ్గర పగిలిందో తెలిస్తే తవ్వకం తగ్గుతుంది.

మేం ఆ ముక్క మొత్తం మార్పించాం. ఇక్కడ ఒక జాగ్రత్త. గోడకు వేసే బూడిద రంగు పైపునే కొందరు నేలలో పూడ్చేస్తారు. భూమిలోకి వేరే మందం పైపు దొరుకుతుంది, ఇటుక రంగులో ఉంటుంది, అదే అడగండి. నాలుగంగుళాల పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు, ఆరంగుళాలదానికి అరవై అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి. మట్టి కప్పకముందే పైనుంచి రెండు బకెట్లు పోయించి, నీళ్లు ఎక్కడా ఆగకుండా పోతున్నాయో లేదో మీ కళ్లతో చూడండి.

ఇంతటితో అయిపోయిందనుకున్నాం. 2020 అక్టోబరు 13 రాత్రి నగరమంతా మునిగిన వానకు మా కింది బాత్రూం మళ్లీ పొంగింది. కొత్త పైపు శుభ్రంగానే ఉంది. అప్పుడుగానీ ఇవి రెండు వేర్వేరు జబ్బులని మాకు తెలియలేదు. మీకూ రెండూ ఉన్నాయని నా అనుమానం.

నాన్నగారు కట్టించినప్పుడు రోడ్డు మీంచి రెండు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేవాళ్లం. పాత రోడ్డు చెక్కకుండా పొర మీద పొర వేస్తూ పోయారు, ఇప్పుడు రోడ్డు మీంచి ఒక మెట్టు కిందికి దిగుతాం. మ్యాన్‌హోల్ నిండితే అందులో నీళ్లు రోడ్డు మట్టం దాకా లేస్తాయి. మన జాలీ అంతకంటే కిందుంటే ఆ నీళ్లు రోడ్డు మీద కంటే ముందు మన బాత్రూంలోకే వస్తాయి. మేస్త్రీల దగ్గర నీళ్లు నింపిన లెవెల్ గొట్టం ఉంటుంది కదా, దాంతో మ్యాన్‌హోల్ మూత మట్టం, మీ బాత్రూం గచ్చు మట్టం కొలిపించండి. పది నిమిషాల పని. గచ్చు కిందుంటే గేటు దగ్గరి ఛాంబర్‌లో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించాల్సిందే. మీ నీళ్లు బయటికి పోతాయి, రోడ్డు నీళ్లు లోపలికి రావు.

కానీ వాల్వ్ అమ్మేవాళ్లు చెప్పని విషయం ఒకటుంది. అది మూసుకున్నంత సేపూ మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు. పైన అద్దెవాళ్లు స్నానం చేస్తే ఆ నీళ్లు మీ కింది జాలీలోంచే వస్తాయి. మా ఇంట్లో గట్టి వాన మొదలైతే పైవాళ్లకు ఫోన్ చేసి కాసేపు నీళ్లు వాడొద్దని చెబుతాం. రెండు నెలలకోసారి వాల్వ్ తలుపు కడిగిస్తాం. ఒక్క ప్లాస్టిక్ కవరు ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు. డాబా మీది వాన నీళ్ల పైపు మీ డ్రైనేజీ ఛాంబర్‌లో కలిపి ఉంటే వెంటనే విడదీయించి ఇంకుడు గుంతకు మళ్లించండి. వీధిలో పది ఇళ్లు అలా కలిపితే మ్యాన్‌హోల్ నిండడానికి వేరే కారణం అక్కర్లేదు.

పాత ఇళ్లలో సంపు, డ్రైనేజీ ఛాంబర్ పక్కపక్కనే ఉంటాయి. మీదీ అలాగే ఉంటే, మురుగు పొంగిన ప్రతిసారీ సంపు నీళ్లు తాగకముందు మూత తీసి చూడండి. రంగు మారినా, వాసన వచ్చినా మొత్తం తోడించి, బ్లీచింగ్ పౌడర్‌తో కడిగించి, కొత్త నీళ్లు నింపుకోండి. 2020లో మేం ఇది ఆలస్యంగా గమనించాం. మా చిన్నబాబు వారం రోజులు విరేచనాలతో బాధపడ్డాడు.

ఇంకొకటి, ఇది మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. బద్దలు పట్టుకొచ్చిన మనిషి "లోపలికి దిగి తీసేస్తా, ఐదొందలు ఎక్కువివ్వండి" అంటే ఒప్పుకోకండి. ఛాంబర్, మ్యాన్‌హోల్ అడుగున చేరే గ్యాస్‌కు మొదట కుళ్లిన గుడ్ల వాసన ఉంటుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు, మనిషి అక్కడే కూలిపోతాడు, తీయడానికి దిగినవాడూ పోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. నీళ్లు గట్టిగా చిమ్మి అడ్డం తీసే జెట్టింగ్ మిషన్ వచ్చేదాకా ఒక రోజు ఇబ్బంది పడదాం, పర్వాలేదు. యాసిడ్ కూడా పోయకండి. పైపులోని చెట్టు వేళ్లు దాంతో పోవు, పైగా అక్కడ ముందే బ్లీచింగ్ చల్లి ఉంటే విషవాయువు పుడుతుంది.

వంటింట్లో మూకుడు నూనెను కాగితంతో తుడిచి చెత్తలో వేయడం, ప్యాడ్లు, డైపర్లు, బేబీ వైప్స్ కమోడ్‌లో వేయకపోవడం మీకు తెలిసినవే. పైవాళ్లకు మాత్రం ఒకసారి నెమ్మదిగా చెప్పండి, లైన్ ఇద్దరిదీ ఒకటే.

రేపు పొద్దున మూతలు తీసి ఏ ఛాంబర్ నిండి ఉందో, ఏది ఖాళీగా ఉందో ఇక్కడ రాయండి. తవ్వాల్సింది ఎక్కడో చాలావరకు తేలిపోతుంది. అప్పటిదాకా పైవాళ్లను వాషింగ్ మెషిన్ వేయొద్దనండి.