కుర్ర గుర్రం, మూడు పరీక్షలు: ఈవెంటింగ్‌పై మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ కుర్ర గుర్రాల గురించే. ఒకే గుర్రం, ఒకే రౌతు కలిసి డ్రెస్సాజ్ (బరిలో రౌతు సైగలకు తగ్గట్టు కుదురుగా కదలడం), క్రాస్‌కంట్రీ (ఆరుబయట కదలని అడ్డంకులు దూకుతూ పరుగు), షో జంపింగ్ (బరిలో తగిలితే పడిపోయే కట్టెలు దూకడం) మూడూ పూర్తి చేసే పోటీ ఈవెంటింగ్. అందులో ఐదేళ్లు నిండని గుర్రాన్ని దింపేటప్పుడు వచ్చే చిక్కులివి.

పందేల నుంచి వచ్చిన నాలుగున్నరేళ్ల థరోబ్రెడ్ జాతి గుర్రం మాది. ఇంటి దగ్గర మీటరు ఎత్తు దూకుతోంది. మూడు నెలల్లో బెంగళూరులో పోటీ ఉందట. 90 సెంటీమీటర్ల తరగతిలో పేరు ఇవ్వచ్చా?
– పలమనేరు పాఠకురాలు

ఇవ్వకండి. వెళ్లాలనుకుంటే 60 సెంటీమీటర్ల తరగతిలో వెళ్లండి, లేదా పోటీలో దిగకుండా ఊరికే తీసుకెళ్లి తిప్పుకురండి. రెండోదే మాకు ఎక్కువ ఇష్టం.

థరోబ్రెడ్‌కు మీటరు ఎత్తు పెద్ద లెక్క కాదు. కొత్త చోట మైకు మోగుతుంటే, తోటి గుర్రాలు దూరంగా సకిలిస్తుంటే, 20×40 మీటర్ల బరిలో ఒంటరిగా నిదానంగా ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) చేయగలదా అన్నదే అసలు పరీక్ష. పైగా పగ్గం బిగిస్తే దానిమీద ఆనుకుని ఇంకా పరుగెత్తడం పందెపు గుర్రానికి అలవాటు. అది మరిచిపోవడానికే నెలలు పడుతుంది. రెండు వైపులా 20 మీటర్ల వృత్తాలు, నడక నుంచి ట్రాట్, ట్రాట్ నుంచి నడక, పగ్గం వదులు చేస్తే తల కిందికి చాచడం: ముందు ఇవి కుదరనివ్వండి.

ఎముకల సంగతీ ఉంది. ముందుకాలి మోకాలి పైనున్న ఎదుగుదల పొర (ఎముక పెరిగే మెత్తటి భాగం) రెండు, రెండున్నరేళ్ల వయసుకు గట్టిపడి మూసుకుంటుంది. వెన్నుపూసల్లోవి మాత్రం ఐదారేళ్ల దాకా మూసుకోవు. రౌతు బరువూ, దూకి దిగినప్పటి అదురూ పడేది ఆ వెన్ను మీదే. ఫ్రాన్స్‌లోని లె లియోన్ దాంజే ఊళ్లో ఏటా జరిగే కుర్ర గుర్రాల ప్రపంచ పోటీ కూడా 6, 7 ఏళ్ల గుర్రాలకే. 2018 జకార్తా ఏషియాడ్‌లో మన దేశపు రౌతు ఫవాద్ మీర్జాకు ఈవెంటింగ్‌లో రజతం తెచ్చిన గుర్రం సెన్యూర్ మెడికాట్‌కు అప్పటికి 12 ఏళ్లు. మీ గుర్రానికి చాలా కాలం ఉందమ్మా.

మొదటి రెండు మూడు పోటీల్లో క్రాస్‌కంట్రీ గడియారం చూడకండి. గడువు దాటిన ప్రతి సెకనుకు 0.4 పెనాల్టీ; 25 సెకన్లు ఆలస్యమైనా పోయేది 10. అదే ఒక్కసారి మొరాయిస్తే 20, అదే అడ్డంకి దగ్గర రెండోసారి మొరాయిస్తే ఇంకో 40. సమయం కోసం తరిమితే గుర్రం అడ్డంకిని సరిగ్గా చూడకుండానే దాని మీదికి వస్తుంది, ఆగిపోతుంది. ఆగితే పని తప్పుతుందని ఒకసారి తెలిసిందంటే దాన్ని మాన్పించడం కష్టం.

నీళ్లు చూస్తే చాలు, వెనక్కి తిరిగిపోతోంది. మా ఊరి చెరువులోకి దింపాలని నెల రోజులుగా ప్రయత్నిస్తున్నాం. కొట్టినా కదలడం లేదు.
– చంద్రగిరి పాఠకుడు

కొట్టడం ఈరోజే ఆపేయండి. తప్పు గుర్రానిది కాదు, చెరువుది. నీటి లోతు గుర్రానికి కంటితో తెలియదు, కాలితో తెలుసుకోవాలి. పూడిక బురదలో కాలు దిగబడితే దాని భయం నిజమే అవుతుంది. స్నాయువు కూడా దెబ్బతినవచ్చు.

5 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవున 30 సెంటీమీటర్లు తవ్వండి. మన ఎర్రనేల నీళ్లు నిలవనివ్వదు కనుక సేద్యపు కుంటలకు వాడే 500 మైక్రాన్ల షీటు పరిచి, రాళ్లు గుచ్చుకోకుండా దానిపై ఇసుక, ఇసుక మీద క్రషర్ డస్ట్ వేసి గట్టిగా దిమ్మిస కొట్టండి. అంతా కలిపి 15 సెంటీమీటర్ల మందం చాలు. నీళ్లు మిగతా 15 సెంటీమీటర్లే. రెండు వైపులా మెట్టు లేకుండా వాలుగా దిగేలా ఉండాలి. అనుభవమున్న గుర్రాన్ని ముందు నడిపించి దాని వెనకే రానివ్వండి. ఆగితే ఆగనివ్వండి, మొహం మాత్రం నీళ్ల వైపే ఉండాలి. ఒక్క అడుగు ముందుకేసినా మెడ నిమరండి. లోపల నిలబెట్టి, అవతలి వైపు నుంచి నడిపించుకు వెళ్లండి. వరుసగా కొన్ని రోజులు నడకే. తర్వాత ట్రాట్. ట్రాట్‌లో జంకు లేకుండా దాటుతున్నాకే 30 సెంటీమీటర్ల మెట్టు మీంచి నీళ్లలోకి దిగడం.

సర్వి కట్టెలతో రెండు జంప్‌లు 7.2 మీటర్ల దూరంలో పెట్టాం. రెండోదాన్ని ఎప్పుడూ తన్నేస్తోంది.
– రేణిగుంట పాఠకుడు

ఆ దూరం బాగా సాగే క్యాంటర్‌లో (ట్రాట్ కన్నా వేగమైన దౌడు) వచ్చే పెద్ద గుర్రానికి సరిపోతుంది. ట్రాట్‌లో వచ్చే కుర్ర గుర్రానికి 5.5 మీటర్లకు తగ్గించండి. మొదటి జంప్‌కు 2.4 మీటర్ల ముందు నేలమీద ఒక కట్టె పెడితే ఎక్కడ ఎగరాలో దానికే తెలుస్తుంది. కట్టెలు మేకులతో బిగించకండి, తగిలితే పడిపోవాలి. అలాగని వెదురు బొంగులూ వద్దు. మరీ తేలిక కనుక, తగిలినా గుర్రం లెక్కచేయదు.

ఆవులతోపాటు సూపర్ నేపియర్ గడ్డి, తవుడు, ఉలవలు పెడుతున్నాం. ఈమధ్య ఒకరోజు ఒక కాలు, ఇంకోరోజు ఇంకో కాలు కుంటుతోంది.
– చిత్తూరు పాఠకుడు

వెంటనే పశువైద్యుడికి చూపించండి. మాకు మొదటి అనుమానం మేత మీదే. నేపియర్‌లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని చాలావరకు విడగొడతాయి, గుర్రానికి ఆ వెసులుబాటు లేదు. దానికి తోడు తవుడులో భాస్వరం ఎక్కువ. చాలని కాల్షియాన్ని శరీరం ఎముకల నుంచి లాక్కుంటుంది. ముదిరితే దవడ ఎముకలు వాస్తాయి. ఎదిగే వయసులో ఇది మరీ చేటు.

నేపియర్, తవుడు క్రమంగా మాన్పించి గరికకు మార్చండి. మన పొలం గట్ల మీది గరికే గుర్రానికి మంచి మేత. ఎండబెట్టిన లూసర్న్ మేత రోజుకు 2 నుంచి 3 కిలోలు కలపండి. ఉలవలు నానబెట్టి ఉడికించి, రోజుకు కిలో దాటకుండా పెట్టండి. బూజు వాసన వచ్చే చెనక్కాయ కట్టె మాత్రం దగ్గరికి రానివ్వకండి.

తిరుపతి ఎండల్లో సాధన ఎలా? పని చేశాక మా గుర్రానికి చెమటే పట్టడం లేదు, ఎగపోస్తోంది.
– తిరుపతి పాఠకురాలు

మంచి ఆరోగ్యమనుకుని దీన్ని వదిలేయకండి. వేడి, ఉక్క ఉన్నచోట కొన్ని గుర్రాలకు చెమట పట్టడం ఆగిపోతుంది. చర్మం పొడిగా ఉండి, ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతుంటే థర్మామీటర్ పెట్టండి. మామూలుగా 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 40 దాటితే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు ఆపకుండా పోయండి. వేడి గుర్రం మీద చల్లనీళ్లు పోస్తే కడుపునొప్పి వస్తుందన్న మాట తప్పు. వైద్యుడికి కబురు చేయండి, ఆయన చూసేదాకా పని పెట్టకండి. దీనికి నమ్మకంగా నయం చేసే మందు లేదు. వేసవి నాలుగు నెలలు పలమనేరు లాంటి ఎత్తు ప్రాంతంలో ఉంచగలిగితే మేలు.

చెమట బాగా పట్టే గుర్రమైనా ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే పని ముగించాలి. రోజుకు 30 నుంచి 50 గ్రాముల ఉప్పు, ఎప్పుడూ తొట్టి నిండా నీళ్లు ఉండాలి.

చిత్తూరు నుంచి బెంగళూరుకు లారీలో తీసుకెళ్లేటప్పుడు ఏం చూసుకోవాలి?

తల పొట్టిగా కట్టకండి. తల దించి దగ్గలేకపోతే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగి జ్వరం వస్తుంది. మొగిలి ఘాట్ మలుపుల్లో నిదానంగా నడపమని డ్రైవర్‌కు ముందే చెప్పండి. ఒకరోజు ముందే చేరండి. గ్లాండర్స్ (గుర్రాలకు వచ్చే అంటువ్యాధి) పరీక్షకు రక్తం వారాల ముందే ఇచ్చి, ఆ కాగితం లారీలోనే పెట్టుకోండి.