దాచిన రిఫండ్ బయటపడితే

ప్రశ్న: మాది హనుమకొండ. మా వారు జిల్లా పరిషత్ పాఠశాలలో ఉపాధ్యాయులు. సొంతింట్లో ఉంటూ అద్దె కడుతున్నట్టు, ఏదో పార్టీకి విరాళం ఇచ్చినట్టు చూపించి మూడేళ్లుగా ఒక ఏజెంటు ద్వారా ఆదాయపు పన్ను రిఫండ్ తీసుకున్నారు. మినహాయింపులు సరిచూసుకోమని పన్ను శాఖ పంపిన సందేశం నా కంట పడింది. అడిగితే ‘స్కూల్లో సగం మంది చేసిందే’ అన్నారు. కోపంలో ‘డీఈఓకు (జిల్లా విద్యాశాఖాధికారికి) చెబుతా’ అన్నాను. అప్పటి నుంచి మాటల్లేవు. నగలు కుదువ పెట్టి కట్టేయనా, నిజంగానే ఫిర్యాదు చేయనా?

జవాబు: నగలు బీరువాలోనే ఉండనివ్వండమ్మా. ఎంత కట్టాలో ఇంకా లెక్కే తేలలేదు. పైగా మీరు చాటుగా కట్టేస్తే ఆయన చేసిన పనికి ఆయన జవాబు చెప్పుకోవాల్సిన అవసరమే లేకుండా పోతుంది. రిటర్న్ ఎవరు నింపినా బాధ్యత ఆయనదే. రిఫండులో వాటా పట్టుకెళ్లిన ఏజెంటు ఇప్పుడు ఫోనెత్తుతాడనుకోను.

జీతం మీద బతికేవాళ్లకు ఒక దుగ్ధ ఉంటుంది. చేతికి రాకముందే పన్ను కోత, లక్షల వ్యాపారం చేసే ఎదురింటాయనకు ఏ కోతా లేదు. అందుకే రిఫండ్ వస్తే పోయిన సొమ్ము దొరికినట్టే ఉంటుంది. ఆ బాధ నాకు అర్థమవుతుంది, సాకుగా మాత్రం ఒప్పుకోను. సగం మంది చేసి ఉండవచ్చు, నోటీసు మాత్రం ఎవరి పాన్ నంబరు మీద వారికే వస్తుంది.

తప్పు దిద్దుకోవడానికి అప్‌డేటెడ్ రిటర్న్, అంటే పాత రిటర్న్‌ను సరిచేసి మళ్లీ వేయడం అనే దారి ఉంది. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతిది) ముగిశాక రెండేళ్లుగా ఉన్న గడువును 2025 బడ్జెట్ నాలుగేళ్లకు పెంచింది. మొదటి ఏడాదిలో వేస్తే పన్ను, వడ్డీలపై 25 శాతం అదనం, నాలుగో ఏడాదికి అది 70 శాతం. అధికారులే పట్టుకుంటే తప్పుడు వివరాలతో ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల జరిమానా పడుతుంది. ఏ సంవత్సరం రిటర్న్ మీద విచారణ మొదలైతే ఆ సంవత్సరానికి ఈ వెసులుబాటు దొరకకపోవచ్చు. కాబట్టి చార్టర్డ్ అకౌంటెంటును ఈ వారమే కలవాలి. డబ్బు ముందు ఆయన పొదుపులోంచి రావాలి. చాలకపోతే నగల మాట ఇద్దరూ కూర్చుని ఆలోచించండి.

డీఈఓ మాట వెనక్కి తీసుకోండి. పైఅధికారులు అడిగితే అబద్ధం చెప్పమనడం లేదు, ఇంటి గొడవలో గెలవడానికి ఆయన ఉద్యోగాన్ని వాడుకోవద్దంటున్నాను. నిజానికి మిమ్మల్ని కోసింది పన్ను కాదు, మూడేళ్లు మీ దగ్గర దాచడం. ఆ మాట ఆయనతో విడిగా, పిల్లలు లేనప్పుడు చెప్పండి. ఇవాళ మాత్రం ఫారం-16లు (జీతం, అందులో కోసిన పన్ను వివరాల పత్రాలు) ఎక్కడ పెట్టారో అడగండి, మాట అక్కడే కలుస్తుంది.